ఒక్క పేజీలో పట్టాలి

ఒక్క వరస. ఒక్కటంటే ఒక్క వరస రెండో పేజీలోకి దిగి కూర్చుంది. దాన్ని పైకి లాగడానికి ఉమామహేశ్వరి పొద్దున్నుంచీ చెయ్యని పని లేదు. కాగితాన్ని అడ్డంగా తిప్పింది. నాలుగు పక్కలా అంచులు సన్నం చేసింది. పైన మూడు వరసలు ఆక్రమించిన ఆసుపత్రి పేరూ, జిల్లా పేరూ, నెలా అన్నీ కలిపి ఒక్క వరసలోకి కుక్కింది. అయినా ఆ చివరి వరస, పెళ్లి బస్సులో సీటు దొరకని చుట్టంలా మెట్టు మీదే నిలబడిపోయింది.

కంప్యూటర్లో ‘అంతా ఒకే పేజీలో’ అనే మీట ఒకటుంది. నొక్కితే పట్టేస్తుంది, ఎందుకు పట్టదు! కాని అక్షరాలు ఆవగింజలైపోతాయి. పోనీ వరసల ఎత్తు తగ్గిద్దామా అంటే అదింకో తంటా. ఇంగ్లీషు అక్షరాలైతే ఇరుకులోనైనా సర్దుకుంటాయి. తెలుగు అక్షరానికి నెత్తిన గుడి, కాళ్ల కింద ఒత్తు. ఎత్తు తగ్గించగానే ఒత్తులన్నీ తెగిపోయాయి. కిల్లో వాళ్లు కాస్తా కిలో వాళ్లయ్యారు, కొర్రా వాళ్లు కొరా వాళ్లయ్యారు. ‘ఓలమ్మోలమ్మ!’ అనుకుని ఎత్తు మళ్లీ మొదటికి తెచ్చింది.

ఆ పట్టీలో ఉన్నవి కొండల మీది పల్లెల్లో నెలలు నిండుతున్న ఆడవాళ్ల పేర్లు. వానలు పట్టాయంటే గెడ్డలూ వాగులూ పొంగుతాయి, దారులు తెగుతాయి. నొప్పులు మొదలయ్యాక ఆ కొండ మీంచి మనిషిని దింపడం మాటలు కాదు. అందుకని ముందే జీపు పంపి, అందరినీ ఆసుపత్రి పక్కనున్న వసతి గృహానికి తెచ్చి ఉంచుతారు. దాన్ని ఇక్కడంతా హాస్టలంటారు. నెలకోసారి ఉమామహేశ్వరి కొట్టే ఈ పట్టీ ఒక ప్రతి జిల్లాకి పోతుంది, ఒకటి గోడ మీద బోర్డుకి అతుకుతుంది, ఒకటి జీపు డ్రైవరు అప్పలస్వామి జేబులోకి వెళుతుంది. పేరుంటే జీపు వస్తుంది. లేకపోతే లేదు.

“అయిందా ఉమా?” అంటూ వెనకొచ్చి నిలబడ్డాడు జగన్నాథరావు. ఆయన ఆఫీసు సూపరింటెండెంటు, కాకినాడ వైపు మనిషి. ఘాటీ మీద ఇన్నేళ్లున్నా మెడకి మఫ్లరు లేకుండా కుర్చీలో కూర్చోడు.

“ఒక్క వరస సార్. కిందికి పోతన్నాది.”

“ఒక్క వరసకి ఇంకో కాగితమా? నీ దుంపతెగ! పోయిన నెల ఏం జరిగిందో మర్చిపోయావా?”

మర్చిపోలేదు. పోయిన నెల పట్టీ రెండు పేజీలొచ్చింది. రెండో పేజీ జీపులో సీటు కిందికి జారిపోయింది. అందులో ఉన్నవాళ్లని మర్నాడు సాయంత్రానికిగాని తేలేదు. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. జిల్లా మీటింగులో మాత్రం పెద్ద డాక్టరుగారు జగన్నాథరావుని అందరి ముందూ నిలబెట్టి ఉతికి ఆరేశారు. ఇకనుంచి ఒకే పేజీ ఉండాలి, అదీ నా కళ్లకి ఆనేలా ఉండాలి అన్నారు. అంచేత ఒకే పేజీ అన్నది తిక్క ఆర్డరేమీ కాదు. మనుషులు జారిపోకూడదని పుట్టిన ఆర్డరే.

నిలువు గళ్లతో తంటా పొద్దున్నే తీరింది. పేరు, భర్త పేరు, వయసు, పంచాయతీ, పల్లె, నెల, రక్తం శాతం, ఫోను, రిమార్కులు. ఇన్ని గళ్లు ఒక కాగితం వెడల్పులో ఎలా పడతాయి? జగన్నాథరావే పక్కన నిలబడి ఒక్కొక్కటీ తీయించాడు.

“భర్త పేరెందుకమ్మా? కనేది వాడా?” అని తనే నవ్వాడు. ఉమామహేశ్వరి కూడా నవ్వి ఆ గడి దాచేసింది.

“పల్లె సార్?”

“పంచాయతీ ఉందిగా. అప్పలస్వామి ఈ కొండల్లోనే ముసలాడైపోయాడు. వాడికి తెలీని దారి ఉందా?”

పల్లె గడి దాచింది. ఫోను గడి సగం ఖాళీ, అదీ దాచింది. రిమార్కులు ఎటూ ఎవరూ చదవరు. దాచడమేగాని తీసెయ్యడం కాదు కదా అనుకుంది. గళ్లు లోపల భద్రంగానే ఉంటాయి. కాగితం మీదికి రావు, అంతే.

ఇప్పుడు ఈ ఒక్క వరసే మిగిలింది. నాలుగింటికి జిల్లాతో వీడియో మీటింగు. అప్పటికి పట్టీ వాళ్ల బల్ల మీద ఉండాలి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. బల్ల కింద బ్యాటరీ డబ్బా కీచు కీచుమని అరవడం మొదలెట్టింది. అది అరవడం మొదలెడితే ఇక ఎంతోసేపు ఉండదు, కంప్యూటరు గుటుక్కుమంటుంది.

“బేగి కానీ అంటారు కదా మీవాళ్లు, ఆ బేగి ఇప్పుడు కానీ తల్లీ!” అన్నాడు జగన్నాథరావు. ఆయనకి చెమట పట్టింది, ఆ చలిలో.

ఉమామహేశ్వరి కళ్లు పట్టీ మీద పైనుంచి కిందికి పరుగెత్తాయి. పంచాయతీల వారీగా సర్దిన పట్టీ అది. జాకరమెట్ట దగ్గర ఆగాయి. కొర్రా మంగ్లి, ఇరవై రెండు, జాకరమెట్ట, ఈ నెలాఖరు, రక్తం ఎనిమిది. దాని కిందే మళ్లీ కొర్రా మంగ్లి, ఇరవై రెండు, జాకరమెట్ట, ఈ నెలాఖరు, రక్తం ఎనిమిది. రెండూ ఒకే అచ్చు.

“డబుల్ పడిపోనాది సార్!”

“తీసెయ్, తీసెయ్!”

కొండల మీద పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. సోమవారం పుడితే సోమ్రి, మంగళవారమైతే మంగ్లి, బుధవారమైతే బుద్రి, శుక్రవారమైతే సుక్రి. ఇంటిపేర్లంటారా, వేళ్ల మీద చెప్పొచ్చు. ఒక పంచాయతీలో నలుగురు కొర్రా మంగ్లిలు ఉన్నా అక్కడ ఎవరూ తికమక పడరు. ఫలానా వాడి పెళ్లాం మంగ్లి, ఫలానా పల్లె మంగ్లి అంటారు, అయిపోయింది. వయసంటే మొహం చూసి వేసిన అంకె. రక్తం శాతమంటే అట్ట మీద రక్తపు బొట్టు రంగు చూసి వేసిన అంకె. ఇదంతా ఉమామహేశ్వరికి తెలియక కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పార్వతీపురంలో ఇంటికి ఫోను చేసి, “అమ్మా, ఇక్కడ ఊరు మొత్తానికి ఏడే పేర్లు” అని పగలబడి నవ్వింది కూడా. తెలుసు. ఆ నిమిషంలో తోచలేదు. పల్లె పేరూ, మొగుడి పేరూ కళ్ల ముందుంటే తోచేదేమో. వాటిని దాచింది తనే.

వరస మీద మౌసు పెట్టి తీసేసింది. చివరి వరస చటుక్కున పైకెక్కింది. ప్రింటరు మూడు కాగితాలు కక్కి ఊరుకుంది. పట్టీని సేవ్ చేసి జిల్లాకి మెయిలు కొట్టిందో లేదో, కంప్యూటరు ఆరిపోయింది.

జగన్నాథరావు కాగితాన్ని చేతులు చాపి దూరంగా పెట్టి చూసుకున్నాడు. అక్షరాలు ఆనుతున్నాయి. ఒత్తులున్నాయి. “శభాష్! కట్టె, కొట్టె, తెచ్చె అని రామాయణం చెప్పినవాడు కూడా నీ ముందు దిగదుడుపే” అన్నాడు. ఉమామహేశ్వరికి నిజంగానే సంతోషం వేసింది. పైగా టీ తెప్పించాడు కూడా.

సంత రోజున ఎగువ జాకరమెట్ట ఆశ కార్యకర్త కనక వచ్చింది. పల్లెలో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరికి నెల తప్పినా చూసుకోవలసింది ఆవిడే. సంతలో అమ్మడానికి తెచ్చిన అడ్డాకుల కట్ట ఇంకా నెత్తి మీదే ఉంది. దాన్ని వరండాలో దింపి, కాళ్ల బురద గడ్డి మీద రాసుకుని, తిన్నగా బోర్డు దగ్గరికి వెళ్లింది. చూపుడు వేలు కాగితం మీద పెట్టి, పెదాలు కదుపుతూ ఒక్కో పేరే దాటుకుంటూ పోయింది.

“ఉన్నాది మేడమ్! కొర్రా మంగ్లి. ఉన్నాది!”

ఉమామహేశ్వరి కిటికీలోంచి చూసింది. కనక మొహం చేటంతయింది.

“ఉండకేటవుద్ది కనకక్కా? నువ్వు పేరు ఇచ్చీసేవు కదా.”

“ఇచ్చాను గానీ, కళ్లతో సూస్తేగాని నాకు నిద్దరట్టదు మేడమ్. దీని మొదటి కాన్పు పోనాది, ఇంటికాడే. అయినా ఈపాలి కూడా అత్త దింపనంతాది. ఆసుపత్రికెల్తే కోసేస్తారంతాది. మొగుడు భీముడైతే నోరే ఇప్పడు. ముసిల్దాని కాళ్లట్టుకున్నాను. పేరు కాయితంలో ఎక్కితే బండి తప్పకుండా వస్తాదని సెప్పి ఒప్పించాను. ఇప్పుడెల్లి సెప్తాను, నీ కోడలి పేరు ఎక్కినాదే అని.”

“సోమవారం బండి. బేగి తెచ్చి ఉంచు.”

“రోడ్డు సివర కూకోబెడతాను. ఎగువకి బండి ఎక్కదు కదా.”

ఎగువ అన్న మాట ఉమామహేశ్వరి చెవిన పడింది. పడి, అలాగే పోయింది. టీకాల లెక్కలు ఇంకా ఎక్కించాలి, నెట్టు నత్తలా నడుస్తోంది. కనక అడ్డాకుల కట్టలోంచి బాగున్న ఆకులు నాలుగు పిడికెళ్లు తీసి కిటికీలో పెట్టి, “పచ్చి ఆకులు, అన్నం తినడానికి బాగుంటాయి” అని చెప్పి సంతకి పోయింది. ఆ పొద్దున్నే దిగువ జాకరమెట్ట ఆశ కార్యకర్త కూడా వచ్చి, అదే పేరు చూసుకుని, తన మంగ్లి ఉందని నిశ్చింతగా వెళ్లిపోయిందన్న సంగతి ఉమామహేశ్వరికి తర్వాతెప్పుడో తెలిసింది. ఒక్క పేరు ఇద్దరికి ధైర్యం చెప్పింది.

సోమవారం మధ్యాహ్నానికి జీపు నిండా ఆడవాళ్లు దిగారు. బురదకి చెప్పులు చేత్తో పట్టుకున్నవాళ్లు, తిండి మూటలు తెచ్చుకున్నవాళ్లు, వాంతి చేసుకుని నీరసపడినవాళ్లు. ఉమామహేశ్వరి హాస్టలు గుమ్మంలో కుర్చీ వేసుకుని రిజిస్టరులో రాసుకుంటోంది. దుప్పటి, పళ్లెం, గ్లాసు ఇచ్చి ఒక్కొక్కళ్లనే లోపలికి పంపుతున్నారు.

“నీ పేరేటమ్మా?”

“మంగ్లి. కొర్రా.”

“ఊరు?”

“జాకరమెట్ట.”

“మీ ఆయన పేరేటి?”

“సన్యాసి.”

కలం ఒక్క క్షణం ఆగింది. భీముడు అని కదూ కనక చెప్పింది? లోపల ఎక్కడో చిన్న ముల్లు కదిలినట్టయింది. అంతలో జగన్నాథరావు ఆఫీసులోంచి కేకేశాడు, జిల్లా నుంచి ఫోను, ఎంతమంది చేరారో వెంటనే చెప్పాలట. ఉమామహేశ్వరి సన్యాసి అని రాసేసి లేచింది.

అప్పలస్వామి పట్టీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ప్రతి పేరు పక్కనా టిక్కు. “అందరూ వచ్చీసినారమ్మా. ఒక్కరూ మిగల్నేదు. ఈపాలి ఒకే కాయితం కదా, పని సులువైపోనాది. జాకరమెట్ట గుంట, ఆ మంగ్లి, దిగువనే ఎక్కీసింది, ఇక ఎగువ రోడ్డు సివరికి ఎల్లే పనే నేకపోనాది. ఆ రోడ్డెక్కితే బండి బతకదు” అన్నాడు. మీసాల మీద వాన నీరు తుడుచుకుని బీడీ వెలిగించుకోవడానికి వెళ్లాడు.

జగన్నాథరావు ఫోనులో, “నూటికి నూరు శాతం సార్” అంటున్నాడు. అటు మెచ్చుకున్నట్టున్నారు, మఫ్లరు సర్దుకున్నాడు. ఉమామహేశ్వరి ఆ ముల్లుని మరిచిపోయింది. మరిచిపోవడానికి పెద్ద కష్టమేమీ పడలేదు.

బుధవారం పొద్దున వాన కాస్త తెరిపిచ్చింది. మంచు గేటు దాకా దిగి ఉంది. ఆ మంచులోంచి ముందు ఒక వెదురు కర్ర వచ్చింది. దాని వెనక దాన్ని మోస్తున్న మనిషి, కర్రకి వేలాడుతున్న దుప్పటి, వెనక ఇంకో మనిషి. డోలీ. పక్కన కనక, నడుం దాకా బురద. ఆమె చేతుల్లో తువ్వాలులో చుట్టిన చిన్న మూట ఉంది. ఆమె దాన్ని పట్టుకున్న తీరు చూడగానే అది ఏమిటో అందరికీ తెలిసిపోయింది.

డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. నర్సులు డోలీ దింపి మనిషిని లోపలికి తీసుకుపోయారు. మనిషికి ప్రాణముంది. రక్తం ఎక్కించాలని హడావిడిగా తిరుగుతున్నారు. డోలీ మోసిన ఇద్దరిలో ముందున్నవాడు భీముడు. అతను గోడకి చేరగిలబడి, భుజం మీద కర్ర ఒత్తుకున్న చోట చెయ్యి వేసుకుని, ఎవరివంకా చూడకుండా కూర్చుండిపోయాడు. వాళ్ల వెనకే నడిచొచ్చిన ముసలి అత్త మాత్రం కనకని వాళ్ల భాషలో తిడుతోంది. అరవడం లేదు, గొంతు పెంచడం లేదు. ఆగకుండా తిడుతోంది, అంతే.

ఉమామహేశ్వరి దగ్గరికి వెళ్లింది. “ఏటయింది కనకక్కా? ఎవరీ మనిషి?”

“మంగ్లి మేడమ్. మా మంగ్లి.”

ఉమామహేశ్వరి హాస్టలువైపు తిరిగి చూసింది. మంగ్లి హాస్టల్లో ఉంది కదా! పొద్దున గుడ్డు తింటుంటే చూసింది కదా!

“సోమారం పొద్దెక్కినకాణ్నించి రోడ్డు సివర కూకున్నాము” అంది కనక. చెబుతూనే మూటని కొంగుతో కప్పింది, మంచు తగలకుండా. “బండి రాలేదు. మంగలారం కూడా తెచ్చి కూకోబెట్టాను. వాన. ముసిల్ది ఇంటికి పోదామంతాది. నానే ఆపాను మేడమ్. పేరు ఉన్నాది, నా కళ్లతో సూసాను, బండి రాకుండా ఉండదు అన్నాను. ఫోనుకి సిగ్నలు నేదు. పొద్దుగూకితే ఇంటికెల్లాము. అప్పుడికే నొప్పులెత్తుకున్నాయి. అర్ధరేతిరి డోలీ కట్టాము. గెడ్డ పొంగింది. ఒడ్డున ఆగిపోనాము. అక్కడే అయిపోనాది. ఆడగుంట. ఏడవనేదు.”

ఉమామహేశ్వరి ఆఫీసులోకి వెళ్లి కంప్యూటరు ముందు కూర్చుంది. పట్టీ తెరిచింది. గళ్ల మధ్య మౌసు పెట్టి, దాచినవన్నీ ఒక్కొక్కటే బయటికి తీసింది. జాకరమెట్ట దగ్గర ఒకే వరస ఉంది. భర్త పేరు సన్యాసి. పల్లె దిగువ జాకరమెట్ట. తర్వాత, గళ్లు దాచడానికి ముందు దాచుకున్న పాత ప్రతి తెరిచింది. అందులో రెండు వరసలున్నాయి. రెండోదానిలో భర్త పేరు భీముడు, పల్లె ఎగువ జాకరమెట్ట, రిమార్కుల గడిలో కనక చెప్పగా తనే కొట్టిన ముక్క: ‘మొదటి కాన్పు పోయింది, తప్పక తేవాలి.’

తనే కొట్టింది. ఈ వేళ్లతోనే.

బిడ్డ పోతే దానికి విచారణ పత్రం నింపాలి. బతికున్న వాళ్లందరికీ కలిపి ఒక్క పేజీ ఇచ్చిన వాళ్లే, పోయిన ఒక్క బిడ్డకి చిన్న పుస్తకమంత పత్రం ఇచ్చారు. ఇల్లు ఎన్ని మైళ్లు, దారి ఎలాంటిది, తల్లి ఏం తినేది, ఇంట్లో పొయ్యి ఎలాంటిది, అన్నీ కావాలి. మర్నాడు పొద్దున జగన్నాథరావు ఉమామహేశ్వరి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఇది ఎన్ని పేజీలైనా ఫరవాలేదమ్మా. ఒక్క గడీ ఖాళీ వదలకు. అడుగుతారు” అన్నాడు.

ఆయన చెబుతున్నాడు, ఆమె కొడుతోంది. వసతి గృహానికి తరలించకపోవడానికి కారణం అన్న గడి దగ్గరికి వచ్చారు. జగన్నాథరావు కళ్లజోడు తీసి తుడుచుకుని, “ఆశ కార్యకర్త సకాలంలో పేరు ఇవ్వనందున” అన్నాడు.

ఉమామహేశ్వరి వేళ్లు కదల్లేదు.

“కొట్టమ్మా.”

“కనక పేరు ఇచ్చింది సార్. నేనే తీసీసేను. ఆ రోజు, డబుల్ పడిందని.”

జగన్నాథరావు ఆమెవంక చూశాడు. తర్వాత తలుపువంక చూశాడు. లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. వరండాలో ఎవరో పసిపిల్లకి టీకా వేసినట్టున్నారు, కయ్యిమంది. ఆ ఏడుపు సద్దుమణిగే దాకా అలాగే ఉన్నాడు.

“నువ్వు తియ్యలేదమ్మా, నేను తియ్యమన్నాను” అన్నాడు చివరికి. “ఆ మాట నాకూ జ్ఞాపకముంది. కాని ఇది పైకి తెలిస్తే నిన్ను మర్నాడే పంపించేస్తారు, కాంట్రాక్టు మనిషివి. నాకు రిటైరుమెంటు దగ్గరికొచ్చింది. పిల్ల పెళ్లి కుదిరి ఉంది. ఏం చెయ్యమంటావు చెప్పు? పోయిన బిడ్డ వస్తుందా?”

ఉమామహేశ్వరికి పార్వతీపురంలో మంచం పట్టిన తండ్రి గుర్తొచ్చాడు. గుర్తొచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. “కనక మీద మాత్రం రాయను సార్. నా వల్ల కాదు.”

“సరే. రాయొద్దు. ఇలా కొట్టు: సాంకేతిక కారణాల వల్ల.”

“అంటే ఎవరి మీదికొస్తాది సార్?”

“ఎవరి మీదికీ రాదు. సాంకేతికం మీదికి వస్తుంది. దానికి సస్పెన్షన్ ఉండదు” అన్నాడు జగన్నాథరావు. నవ్వాలని చూశాడు. మూతి వంకర తిరిగిందిగాని నవ్వు రాలేదు. ఆమె కొట్టింది. మూడు మాటలు, గడిలో చక్కగా ఇమిడిపోయాయి. ఆయన పత్రం తీసుకుని, ఆమె భుజం మీద తడదామని చెయ్యెత్తి, ఎందుకో దించేసుకుని వెళ్లిపోయాడు.

అందరూ బతికిపోయారు. ఉద్యోగాలుంటాయి. కనక ఉద్యోగం కూడా ఉంటుంది. అలా అనుకుని ఉమామహేశ్వరి ఊపిరి పీల్చుకోబోయింది. కిటికీలోంచి కనక కనిపించింది.

వరండా చివర మెట్టు మీద కూర్చుని ఉంది. నిన్నటి బురద చీరే. బోర్డు మీద పట్టీ ఇంకా అక్కడే ఉంది. కనక ఉన్నట్టుండి లేచి దాని దగ్గరికి వెళ్లింది. వేలు పెట్టి కొర్రా మంగ్లి అన్న పేరు మళ్లీ చదివింది. వచ్చి కూర్చుంది. కాసేపటికి మళ్లీ లేచి వెళ్లి మళ్లీ చదివింది. తను చదవడంలోనే ఏదో తప్పు జరిగిందనుకుంటోంది. ఆ తప్పు ఎక్కడుందో వెతుక్కుంటోంది.

ఉమామహేశ్వరి బయటికి వచ్చింది.

“ఇంటికెల్లలేదా అక్కా?”

“ఏ మొగం పెట్టుకుని ఎల్లను మేడమ్? ఊరు ఊరంతా నా మాటే అంతన్నారు. బండి వస్తాదని అబద్దమాడి రెండు దినాలు వానలో కూకోబెట్టిందంట. మంగ్లి నాతో మాటాడదు. మొగం గోడకి తిప్పీసుకున్నాది. నానే కదా సదివేను? నాను సరిగ్గా సదవనేదేమో, ఎవుల పేరో సూసి మనదే అనుకున్నానేమో. మీలాగ సదువుకున్నదాన్ని కాదు కదా.”

“నువ్వు సరిగ్గానే చదివేవు.”

కనక తలెత్తింది.

“అది దిగువ మంగ్లి పేరు. మీ మంగ్లి పేరు కూడా ఉండేది, దాని కిందే. నేను తీసీసేను. రెండూ ఒకటే అనుకున్నాను. నీ తప్పు నేదు అక్కా. ఎంత మాత్రం నేదు. నాది.” అంటూంటే ఉమామహేశ్వరికి ఏడుపు తన్నుకొచ్చింది. పళ్లు బిగపట్టి ఆపుకుంది. ఏడిస్తే కనకే ఓదారుస్తుందని భయం వేసింది.

కనక ఓదార్చలేదు. తిట్టలేదు. వానకి నానిన చేతుల్ని చూసుకుంది. “అత్త ఒప్పుకోకపోయినా బాగుణ్ను” అంది. “నాటు మంత్రసాని ఇంట్లోనే ఉండేది. పొయ్యి కాడ వెచ్చగానైనా కనేది.” తర్వాత లేచి చీర దులుపుకుంది. “నాకు సెప్పి ఏటి మేడమ్. దానికి సెప్పండి. నా మాట అది ఇక నమ్మదు.”

వార్డులో చివరి మంచం మంగ్లిది. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చేతికి సెలైను గొట్టం. రవికె రెండు పక్కలా తడిసి ఉంది, పాలు. అత్త మంచం కోడు దగ్గర నేల మీద కూర్చుని చోడి అంబలి గిన్నె పట్టుకుని ఉంది. అంబలి మీద మీగడ కట్టింది, ఎవరూ ముట్టలేదు.

కనక వంగి వాళ్ల భాషలో ఏదో చెప్పింది. మంగ్లి ఇటు తిరగలేదు.

“సెప్పండి మేడమ్. ఇంటాది. నాను ఆల్ల మాటలో సెప్తాను.”

ఉమామహేశ్వరి మొదలుపెట్టింది. కంప్యూటర్లో పట్టీ ఉంటుందని, దానికి గళ్లుంటాయని, కొన్ని గళ్లు దాచవలసి వచ్చిందని. కనక సగంలోనే చెయ్యెత్తింది. “ఆ మాటలకి మా కాడ మాటలు నేవు మేడమ్. ఉన్నదేటో అది సెప్పండి.”

 ఉన్నదేమిటో అది చెప్పాలంటే మిగిలింది చాలా కొంచెం.

“అందరి పేర్లూ ఒక్క కాయితంలో పట్టాలన్నారు. పట్టలేదు. ఒక పేరు ఎక్కువైపోనాది. నీ పేరు నేను తీసీసేను.”

కనక చెప్పింది. ముసలిది గిన్నె నేల మీద పెట్టింది. మంగ్లి మెల్లగా ఇటు తిరిగింది. చిన్న మొహం. ఇరవై రెండని రాశారుగాని ఇంకా తక్కువే ఉంటుంది. ఉమామహేశ్వరిని పైనుంచి కిందికి చూసింది. కోపం ఉంటుందనుకుంది ఉమామహేశ్వరి. కోపమైతే బాగుండేది. నిజంగా అర్థంకాక, తెలుసుకోవాలని చూస్తున్నట్టుంది. కొంచెం ఆలోచించి, పొడిబారిన పెదాలతో ఏదో అడిగింది.

కనక నేలచూపులు చూస్తోంది.

“ఏటంతన్నాది అక్కా?”

“ఏటీ నేదు మేడమ్. మీరెల్లండి.”

“ఏటంతన్నాదో సెప్పు.”

“కాయితం సాలకపోతే” అంది కనక, “ఇంకో కాయితం నేకపోయిందా అని అడుగుతన్నాది.”

మంగ్లి జవాబు కోసం చూస్తోంది.

“ఉన్నాది” అంది ఉమామహేశ్వరి.

కనక ఆ ఒక్క మాటనీ మంగ్లికి వాళ్ల భాషలో చెప్పింది.